గంటలకు హద్దుంది, వేగానికి లేదు: గోదాముల్లో సరుకు ఏరే పద్ధతులు లేవనెత్తుతున్న ప్రశ్న

ఫోన్‌లో పాల ప్యాకెట్టు, ఉల్లిపాయలు, సబ్బు ఆర్డరు చేసిన వినియోగదారుకు తెర మీద రెండు దశలు కనిపిస్తాయి. మొదటిది ‘మీ ఆర్డరు సిద్ధమవుతోంది’ అనే ఒక్క వాక్యం. రెండోది పటం మీద కదిలే మోటారు సైకిలు బొమ్మ. పది నిమిషాల్లో సరుకు చేరవేసే వ్యాపారంపై దేశంలో ఇంతవరకు జరిగిన చర్చంతా ఆ రెండో దశ చుట్టూనే తిరిగింది. మొదటి దశలో ఎవరు, ఎలా, ఎంత వేగంతో పనిచేస్తున్నారన్నది పెద్దగా చర్చకు రాలేదు.

2025 డిసెంబరు 31న గిగ్ కార్మిక సంఘాలు సమ్మెకు పిలుపునిచ్చాయి. ఆ మరునాడే ‘ఎటర్నల్’ వ్యవస్థాపకుడు దీపిందర్ గోయల్ సామాజిక మాధ్యమంలో తమ వ్యాపార నమూనాను సమర్థించుకున్నారు. బ్లింకిట్‌లో ఆర్డరు వచ్చిన రెండున్నర నిమిషాల్లో సరుకును ఏరి ప్యాక్ చేస్తారని, ఆ తరువాత డెలివరీ కార్మికుడు సగటున రెండు కిలోమీటర్ల లోపు దూరాన్ని సుమారు 8 నిమిషాల్లో దాటుతాడని, అంటే అతని వేగం గంటకు 15 కిలోమీటర్లేనని ఆయన వాదన. జనవరి మధ్యలో కేంద్ర కార్మిక మంత్రి మన్‌సుఖ్ మాండవీయ జోక్యంతో బ్లింకిట్ తన ప్రకటనల నుంచి ‘పది నిమిషాలు’ అనే మాటను తొలగించింది.

గోయల్ చెప్పిన లెక్కను అలాగే అంగీకరించినా ఒక విషయం స్పష్టమవుతుంది. రోడ్డు మీద తొందర అవసరం లేకపోవడానికి కారణం దుకాణం దగ్గరగా ఉండడం ఒక్కటే కాదు. దుకాణం లోపల పని 150 సెకన్లలో ముగియడం కూడా. ఆ 150 సెకన్లలో అరల మధ్య నడిచి, వంగి, అందుకొని, స్కాన్ చేసి, సంచిలో సర్దే మనిషిని పరిశ్రమ ‘పికర్’ అని పిలుస్తోంది. అతడు చేసే పని ‘ఆర్డర్ పికింగ్’. వీధి చివరి చిన్న డార్క్ స్టోరు నుంచి భివండీ, ఫరూఖ్‌నగర్, హోస్కోటె, మేడ్చల్ వంటి చోట్ల వెలసిన భారీ గోదాముల వరకు ఈ పని లేనిదే ఆన్‌లైన్ వ్యాపారం ఒక్క అడుగు కూడా ముందుకు కదలదు.

ఖర్చంతా నడకలోనే

గోదాములోకి సరుకు పెట్టెలుగా, బస్తాలుగా వస్తుంది. వినియోగదారుకు వెళ్లేటప్పుడు ఒక సీసా, రెండు పొట్లాలు, ఒక డబ్బాగా విడిపోతుంది. ఈ విడదీత దగ్గరే మనిషి చేయి అత్యధికంగా అవసరమవుతుంది. గోదాముల నిర్వహణ వ్యయంలో 55 శాతం వరకు సరుకు ఏరే పనికే పోతుందని, పికర్ సమయంలో దాదాపు సగం కేవలం నడకకే సరిపోతుందని పారిశ్రామిక ఇంజినీరింగ్ గ్రంథాలు చాలాకాలంగా చెబుతున్నాయి. అందుకే పికింగ్ పద్ధతులన్నీ ఒకే ప్రశ్నకు వేర్వేరు సమాధానాలు: నడకను ఎలా తగ్గించాలి?

అన్నిటికంటే పాత పద్ధతి, సులువైన పద్ధతి ఒక ఆర్డరుకు ఒక నడక. పికర్ చీటీ తీసుకొని బయలుదేరుతాడు, అందులోని వస్తువులన్నీ ఏరుకొని తిరిగి వస్తాడు, మరో చీటీ అందుకుంటాడు. పొరపాట్లకు అవకాశం తక్కువ. అయితే విశాలమైన గోదాములో కాళ్లకు పని ఎక్కువ.

రెండోది గుంపు పద్ధతి. ఐదారు ఆర్డర్లను కలిపి, ఒకే చుట్టులో అన్నిటికీ కావలసిన వస్తువులు ఏరుకొస్తారు. ఒకే సబ్బు నాలుగు ఆర్డర్లలో ఉంటే ఆ అర దగ్గరకు ఒక్కసారి వెళ్తే చాలు. తెచ్చిన సరుకును మళ్లీ ఆర్డర్ల వారీగా విడదీయాలి. ట్రాలీలోనే ఆర్డరుకొక డబ్బా అమర్చి, ఏరేటప్పుడే వేరుచేసే ఏర్పాటు కూడా ఉంది.

మూడోది మండలాల పద్ధతి. గోదామును భాగాలుగా విభజించి ఒక్కో భాగానికి ఒక్కో పికర్‌ను నియమిస్తారు. అతడు తన పరిధి దాటడు. డబ్బానే ఒకరి నుంచి మరొకరికి సాగిపోతుంది. నడక తగ్గుతుంది కానీ ఒక మండలంలో పని పేరుకుపోతే వెనకవాళ్లంతా ఆగిపోతారు. ఆ ఒత్తిడి మొత్తం అక్కడున్న ఒక్కరి మీద పడుతుంది.

నాలుగోది విడతల పద్ధతి. లారీ బయలుదేరే వేళను బట్టి ఆర్డర్లను విడతలుగా విడుదల చేస్తారు. రాత్రి తొమ్మిదికి వెళ్లాల్సిన లారీ సరుకంతా అంతకుముందే సిద్ధం కావాలి. పండుగ అమ్మకాల రోజుల్లో విడత చివరి గంట ఎలా గడుస్తుందో అక్కడ పనిచేసేవారికి విడమరచి చెప్పనక్కర్లేదు.

డార్క్ స్టోరుకు వీటిలో చాలావరకు ఉపయోగపడవు. ఆర్డరు వచ్చిన క్షణమే పని మొదలవ్వాలి కాబట్టి ఐదారు ఆర్డర్లు పోగయ్యేదాకా ఆగే వీలు లేదు. అందుకే అక్కడ ప్రధానంగా ఒక ఆర్డరుకు ఒక నడక పద్ధతే. నడకను తగ్గించేది స్థలపు అమరిక: చిన్న విస్తీర్ణం, ఎక్కువగా అమ్ముడయ్యే పాలు, బ్రెడ్డు, గుడ్లు ప్యాకింగ్ బల్లకు దగ్గరలో, అరుదుగా అడిగేవి దూరంగా. పని తీవ్రతను నిర్ణయించేది మాత్రం పూర్తిగా బయటి ప్రపంచం. వాన పడినా, క్రికెట్ మ్యాచ్ మొదలైనా, ఆదివారం ఉదయం అయినా ఆర్డర్లు ఒక్కసారిగా ముంచెత్తుతాయి.

మిగిలిన నడక ఎవరిది?

పద్ధతి మారినప్పుడు ఏం జరుగుతుందో ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. ఇది వివరణ కోసం ఊహించిన ఉదాహరణ మాత్రమే. ఒక పికర్ షిఫ్టులో 60 ఆర్డర్లు పూర్తిచేస్తాడని, ఒక్కో ఆర్డరుకు 200 మీటర్లు నడుస్తాడని అనుకుందాం. మొత్తం 12 కిలోమీటర్లు. యాజమాన్యం గుంపు పద్ధతికి మారి ఆరేసి ఆర్డర్లను కలిపింది. ఒక్కో చుట్టు కాస్త పొడవై 400 మీటర్లు అయింది. అవే 60 ఆర్డర్లకు పది చుట్లు, నాలుగు కిలోమీటర్లు. ఎనిమిది కిలోమీటర్ల నడక మిగిలింది.

ఈ మిగులు ఎవరికి చెందుతుందన్నదే అసలు ప్రశ్న. లక్ష్యం 60 దగ్గరే ఉంటే కార్మికుడికి విశ్రాంతి దొరుకుతుంది, సంస్థకు అదనపు లాభం ఉండదు. లక్ష్యాన్ని 180కి పెంచితే చుట్లు ముప్పై అవుతాయి, నడక మళ్లీ 12 కిలోమీటర్లకు చేరుతుంది. ఆర్డరుకు మూడు వస్తువుల చొప్పున అంతకుముందు రోజుకు 180 సార్లు వంగి ఎత్తిన మనిషి ఇప్పుడు 540 సార్లు ఆ పని చేయాలి. కాగితం మీద చూస్తే ఉత్పాదకత మూడు రెట్లు. అదే షిఫ్టు, అదే జీతం. మొదటి లెక్కలో కాళ్లు మాత్రమే అలిసేవి. రెండో లెక్కలో కాళ్లతో పాటు నడుము, భుజాలు, మణికట్టు కూడా.

వాస్తవంలో లక్ష్యం ఈ రెండు కొసల మధ్య ఎక్కడో ఉంటుంది. ఆ ‘ఎక్కడో’ అన్నది ఎవరు, ఏ ప్రాతిపదికన నిర్ణయిస్తారన్న దానికి ప్రస్తుతం భారత చట్టాల్లో నేరుగా సమాధానం లేదు. పికర్ చేతిలోని స్కానరు తరువాత ఏ అరకు వెళ్లాలో చెబుతుంది. అంతకుముందు అరకు, ఈ అరకు మధ్య ఎన్ని సెకన్లు గడిచాయో నమోదు చేస్తుంది. వెనకటికి మేస్త్రీ చేసిన పనిని ఇప్పుడు ఆ పరికరం చేస్తోంది. మేస్త్రీతో వాదించవచ్చు, ఒంట్లో బాగోలేదని చెప్పుకోవచ్చు. స్కానరుకు ఆ వీలు లేదు.

యంత్రం వస్తే భారం తగ్గుతుందా?

నడకే సమస్య అయితే మనిషి సరుకు దగ్గరకు వెళ్లడం మానేసి, సరుకునే మనిషి దగ్గరకు రప్పించవచ్చు. ఈ ఆలోచనతో పుట్టిన కివా సిస్టమ్స్‌ను అమెజాన్ 2012లో 77.5 కోట్ల డాలర్లకు కొన్నది. నేల మీద తిరిగే రోబోలు అరలనే ఎత్తి పికర్ ముందుకు తెస్తాయి. 2025 నాటికి తమ గోదాముల్లో రోబోల సంఖ్య పది లక్షలకు చేరిందని ఆ సంస్థ ప్రకటించింది. మన దేశంలో గోదాము రోబోలు తయారుచేసే నోయిడా సంస్థ ‘ఆడ్‌వెర్బ్’లో రిలయన్స్ 2022లో మెజారిటీ వాటా తీసుకుంది. ఫ్లిప్‌కార్ట్ 2019లోనే బెంగళూరు కేంద్రంలో పార్శిళ్ల వర్గీకరణకు రోబోలను ప్రవేశపెట్టింది.

ఈ పద్ధతిలో నడక దాదాపు మాయమవుతుంది. దాని స్థానంలో ఒకే చోట గంటల తరబడి నిలబడడం, ఒకే రకం కదలికను వందలసార్లు చేయడం వచ్చి చేరుతుంది. అమెరికాలో 2016 నుంచి 2019 వరకు అమెజాన్ కేంద్రాల గాయాల నమోదులను పరిశీలించిన పరిశోధనాత్మక వార్తాసంస్థ ‘రివీల్’, రోబోలు ఉన్న కేంద్రాల్లోనే తీవ్ర గాయాల రేటు ఎక్కువగా ఉందని 2020లో వెల్లడించింది. ఈ విశ్లేషణను సంస్థ అంగీకరించలేదు. ఆ వాదోపవాదాలు ఎలా ఉన్నా, యంత్రం వచ్చినంత మాత్రాన భారం దానంతటదే తగ్గిపోదన్న హెచ్చరిక అందులో ఉంది. రోబో ఎంత వేగంగా అరను తెస్తే మనిషి అంత వేగంగా చేయి చాపాలి.

భారత్‌లో వేతనాలు తక్కువ కాబట్టి పూర్తి యాంత్రీకరణకు ఇంకా సమయం పట్టవచ్చు. అప్పటివరకు నడిచే పికరే ఈ వ్యవస్థకు ఆధారం. 2017 జులైలో వచ్చిన జీఎస్టీ రాష్ట్రానికొక చిన్న గోదాము అవసరాన్ని తగ్గించి, పెద్ద కేంద్రాలకు బాట వేసింది. పెద్ద గోదాము అంటే పొడవైన నడవాలు. పొడవైన నడవాలంటే పద్ధతి ఎంపికకు మరింత ప్రాధాన్యం.

చట్టం చూసేది గడియారాన్నే

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ రోజుకు ఎనిమిది గంటల పనిని ప్రాతిపదికగా తీసుకుంటుంది. అదనపు పనికి రెట్టింపు వేతనం చెల్లించాలంటుంది. రాష్ట్రాలు కూడా గంటల మీదే దృష్టి పెట్టాయి. తెలంగాణ 2025 జులైలో వాణిజ్య సంస్థల్లో వారానికి 48 గంటల పరిమితికి లోబడి రోజుకు పది గంటల వరకు పనికి అనుమతించింది. ఆంధ్రప్రదేశ్ కూడా అదే ఏడాది రోజువారీ పరిమితిని పది గంటలకు పెంచే మార్పులు చేసింది. ఈ నిర్ణయాలపై కార్మిక సంఘాలు అభ్యంతరం చెప్పాయి, పరిశ్రమ వర్గాలు స్వాగతించాయి. కానీ ఇరువర్గాలూ మాట్లాడింది ఎన్ని గంటలన్న దాని గురించే. ఆ గంటలో ఎన్నిసార్లు వంగాలన్నది చర్చలోకి రాలేదు.

పికర్ స్థానం మరో విధంగానూ సందిగ్ధంగా ఉంది. సామాజిక భద్రత కోడ్ గిగ్, ప్లాట్‌ఫామ్ కార్మికులకు తొలిసారి చట్టబద్ధ నిర్వచనం ఇచ్చింది. రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో వారి కోసం ప్రత్యేక చట్టాలు తెచ్చాయి. ఇవి ప్రధానంగా యాప్ ద్వారా పని అందుకునే డెలివరీ కార్మికులను, డ్రైవర్లను దృష్టిలో ఉంచుకున్నవి. షిఫ్టుల్లో, సాధారణంగా ఏదో ఒక గుత్తేదారు జాబితాలో పనిచేసే పికర్ ఈ నిర్వచనంలో ఇమడడు. అతడు వేతన కార్మికుడు. ఆ మేరకు భవిష్యనిధి, ఈఎస్ఐ హక్కులు ఉండాలి. కానీ కొత్త చట్టాల వెలుగు అతని మీద పడదు.

కాంట్రాక్టు కార్మికుల విషయంలో కోడ్ ఒక గీత గీసింది. సంస్థ ప్రధాన కార్యకలాపాల్లో కాంట్రాక్టు కార్మికులను నియమించరాదని, కొన్ని మినహాయింపులతో, అది చెబుతుంది. పారిశుద్ధ్యం, కాపలా, సరుకు ఎగుమతి దిగుమతి వంటివి, సంస్థ ఆ పని కోసమే ఏర్పడితే తప్ప, ప్రధాన కార్యకలాపం కిందికి రావు. మరి సరుకు ఏరడం ఏ కోవలోకి వస్తుంది? ఆర్డరుకు తగ్గట్టు వస్తువులు ఏరి పంపడమే ప్రధాన కార్యకలాపం అయిన గోదాములో దానిని అనుబంధ పని అనడం కష్టం. ఈ ప్రశ్న ఏదో ఒకనాడు న్యాయస్థానాల గడప తొక్కక తప్పదు.

సరుకు మోసే చేతులకు ప్రత్యేక చట్టం కావాలన్న ఆలోచన ఈ దేశానికి కొత్త కాదు. మహారాష్ట్ర 1969లోనే మాథాడీ, హమాలీ, ఇతర శారీరక శ్రామికుల చట్టం చేసింది. ఎత్తడం, దించడం, పేర్చడం, తూచడం వంటి పనులు చేసేవారిని త్రైపాక్షిక బోర్డుల్లో నమోదు చేసి, వేతనం, సంక్షేమం ఆ బోర్డుల ద్వారా అందేలా చూసింది. మన మార్కెట్ యార్డుల్లో హమాలీకి బస్తాకింత అన్న లెక్క ఉంటుంది. ఆ రేటు కోసం బేరమాడతారు, అవసరమైతే పని ఆపుతారు. బస్తా కంటికి కనిపించే కొలమానం. స్కానరులోని సెకన్లకు అలాంటి బహిరంగ కొలమానం లేదు. లక్ష్యం పెరిగిందన్న సంగతి దానిని అందుకోలేకపోయిన రోజునే పికర్‌కు తెలియవచ్చు.

మానేసర్ చెప్పిన సంగతి

లక్ష్యానికి హద్దు లేనప్పుడు ఏమవుతుందో 2024 వేసవిలో బయటపడింది. హరియాణాలోని మానేసర్‌లో ఒక బహుళజాతి సంస్థ గోదాములో, 24 అడుగుల పొడవున్న ఆరు లారీల సరుకు దించేవరకు మరుగుదొడ్డికి గానీ మంచినీళ్లకు గానీ వెళ్లబోమని కార్మికులతో ప్రతిజ్ఞ చేయించారన్న వార్తలు వచ్చాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ ఆ కథనాలను స్వయంగా విచారణకు స్వీకరించి కేంద్ర కార్మిక శాఖకు నోటీసు పంపింది. అది సరుకు దించే విభాగానికి చెందిన ఘటన. ఉత్తర భారతం వడగాడ్పులతో ఉడికిపోతున్న రోజులవి. అయినా దాని మూలం పికింగ్‌లోనూ ఉన్నదే: సంఖ్య ముందుగా నిర్ణయమై ఉంటుంది, మనిషి శరీరమే దానికి సర్దుకోవాలి.

ఈ సమస్యకు కొన్ని చోట్ల చట్టమే సమాధానం వెతికింది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం పెద్ద గోదాముల యాజమాన్యాలు కార్మికుడికి వర్తించే లక్ష్యాన్ని లిఖితపూర్వకంగా తెలియజేయాలి. భోజనం, విశ్రాంతి, మరుగుదొడ్డి అవసరాలకు అడ్డుపడే లక్ష్యం చెల్లదు. అటువంటి లక్ష్యాన్ని అందుకోలేదన్న కారణంతో చర్య తీసుకోరాదు. తన పని వేగానికి సంబంధించిన సమాచారాన్ని అడిగి తీసుకునే హక్కు కార్మికుడికి ఉంటుంది. ఆ తరువాత న్యూయార్క్, మిన్నెసోటా, వాషింగ్టన్ రాష్ట్రాలు ఇదే తరహా చట్టాలు చేశాయి. ఇవేవీ ఫలానా పద్ధతే వాడాలని సంస్థలకు చెప్పవు, లక్ష్యాలు పెట్టుకోవద్దనీ అనవు. దాచి ఉంచిన సంఖ్యను బయట పెట్టమంటాయి, అంతే.

భారత్‌లో సమాచారం అందుకునే దారి అంత సాఫీగా లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ఉద్యోగ అవసరాల కోసం సమాచార సేకరణను సమ్మతి అక్కరలేని న్యాయబద్ధ వినియోగాల జాబితాలో చేర్చింది. స్కానరు రోజంతా పోగుచేసే సెకన్ల లెక్క ఆ చాటున యాజమాన్యం దగ్గరే ఉండిపోయే అవకాశం ఎక్కువ.

సంస్థల వాదనలోనూ బలముంది

దీనిని ఒకే వైపు నుంచి చూడడం న్యాయం కాదు. త్వరిత సరఫరా రంగంలో లాభాల మార్జిన్లు సన్నవి. పికింగ్ ఖర్చు అదుపు తప్పితే దుకాణమే మూతపడుతుంది. పెద్ద చదువులు లేని వేలాది యువతీ యువకులకు పట్టణాల్లో నెల జీతం, నీడపట్టున పని దొరుకుతున్న రంగమిది. రోడ్డు మీది ఎండ, వాన, ప్రమాదాలతో పోల్చి డార్క్ స్టోరు పనినే కోరుకునేవారూ ఉంటారు. పైగా మంచి పికింగ్ పద్ధతి కార్మికుడికి హాని చేసేది కాదు. ఎక్కువగా అమ్ముడయ్యే సరుకును నడుము ఎత్తు అరలో ఉంచితే వంగడం తగ్గుతుంది. బరువైన పిండి బస్తాను కింది అరలో, తేలిక పొట్లాన్ని పైన పెడితే ప్రమాదం తగ్గుతుంది. ఇవే మార్పులు సంస్థకూ సమయాన్ని మిగులుస్తాయి. పద్ధతి మారడంలో తప్పు లేదు. మారిన ప్రతిసారీ మిగులంతా లక్ష్యంలోకే చేరిపోవడమే ఆలోచించవలసిన విషయం.

ఇప్పుడున్న అవకాశం

ఈ చర్చకు ఇది అనువైన సమయం. లేబర్ కోడ్‌ల కింద కేంద్రం 2025 డిసెంబరు చివర్లో ముసాయిదా నియమాలను ప్రకటించింది. దుకాణాలు, సంస్థల చట్టాలు రాష్ట్రాల చేతిలోనే ఉన్నాయి. గోదాము పనికి సంబంధించి నాలుగు అంశాలను వీటిలో చేర్చడం కష్టం కాదు. మొదటిది, లక్ష్యాన్ని, దానికి ఆధారమైన పికింగ్ పద్ధతిని కార్మికుడికి అర్థమయ్యే భాషలో లిఖితపూర్వకంగా ఇవ్వడం. రెండోది, పద్ధతి మారినప్పుడల్లా లక్ష్యాన్ని విశ్రాంతి సమయాన్ని కలుపుకొని కొత్తగా లెక్కకట్టడం. మూడోది, ఉష్ణోగ్రత ఒక స్థాయి దాటిన రోజున లక్ష్యం తగ్గించడం. నాలుగోది, తన స్కానరు నమోదులను చూసుకునే హక్కు కార్మికుడికి కల్పించడం.

రాష్ట్రాలు చొరవ చూపితే ఇటువంటి మార్పు ఎంత తేలికో గతంలో రుజువైంది. దుకాణాల్లో రోజంతా నిలబడి పనిచేసే సిబ్బందికి కూర్చునే హక్కును కేరళ 2018లో, తమిళనాడు 2021లో తమ దుకాణాల చట్టాలను సవరించి కల్పించాయి. అంతవరకు బట్టల దుకాణంలో పన్నెండు గంటలు నిలబడే అమ్మాయి కష్టం వ్యాపారంలో సహజమైన విషయంగానే చలామణి అయింది. ఆ సవరణలతో అది చట్టం పట్టించుకోవలసిన విషయమైంది.

హైదరాబాద్ శివార్లలో, విజయవాడ, విశాఖపట్నం పరిసరాల్లో గోదాముల నిర్మాణానికి ప్రోత్సాహకాలిస్తున్న ప్రభుత్వాలు స్థలం ఎంత, పెట్టుబడి ఎంత, ఉద్యోగాలు ఎన్ని అని అడుగుతున్నాయి. ఆ గోదాముల్లో సరుకు ఏ పద్ధతిలో ఏరుతారు, ఒక్క మనిషికి గంటకు లక్ష్యమెంత అన్న ప్రశ్న కూడా ఆ దరఖాస్తులో ఒక గడిగా చేరాలి. పది నిమిషాల మాట ప్రకటనల్లోంచి పోయినంత మాత్రాన లోపలి రెండున్నర నిమిషాలు పోలేదు. ఈ సాయంత్రం కూడా ఆర్డర్లు వెల్లువెత్తుతాయి. తెర మీద ‘మీ ఆర్డరు సిద్ధమవుతోంది’ అన్న వాక్యం కనిపిస్తుంది. ఆ వాక్యం వెనక ఒక మనిషి అరల మధ్య వేగంగా నడుస్తూ ఉంటాడు.